మిసిసిపీ మొగలోని కౌంటీ మనకెందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా వార్తలకు మన పత్రికల్లో కొదవ లేదు. వీసా ఫీజులు, డల్లాస్‌లో సంక్రాంతి ముగ్గులు, న్యూజెర్సీలో శ్రీనివాస కల్యాణం అన్నీ వస్తాయి. ఆ దేశంలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 3,100కు పైగా ఉంటే, వాటిలో ఒక్క పల్లెటూరి కౌంటీ కూడా మన జిల్లా పేజీ గుమ్మం తొక్కదు. కోనసీమలో పొలమో, తోటో, చెరువో ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన కౌంటీ ఒకటుంది. లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లీన్స్ నగరానికి దిగువన, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ప్లాకమిన్స్. ఆ రాష్ట్రంలో కౌంటీని పారిష్ అంటారు. ఏటిగట్టు గట్టిగా ఉంటే డెల్టాకు ఢోకా లేదని మన దగ్గర అందరూ అనుకుంటారు. అది సగమే నిజమని తెలియాలంటే ప్లాకమిన్స్‌ను చూడాలి.

కౌంటీ మొత్తం విస్తీర్ణం సుమారు 6,650 చదరపు కిలోమీటర్లు. అందులో నేల 2,000 మాత్రమే, మిగిలినదంతా నీళ్లు. 2020 లెక్కల్లో జనం 23,515. అమలాపురం పట్టణ జనాభాలో సగం కూడా కాదు. నది ఆ కౌంటీని నిలువునా రెండుగా చీల్చుకుంటూ పోతుంది. కౌంటీ కేంద్రం పాయింట్ అలా హాష్ తూర్పు గట్టున చిన్న ఊరు. జనం, వ్యాపారం ఎక్కువగా ఎగువన పడమటి గట్టు మీది బెల్ చేస్‌లో ఉంటాయి. పడమటి గట్టు వెంబడి పోయే 23వ నంబరు రోడ్డు వెనిస్ అనే ఊళ్లో ఆగిపోతుంది, ఆ పైన పడవే. కౌంటీ పొడుగునా నది మీద ఒక్క వంతెన లేదు. మిసిసిపీ మీద చిట్టచివరి వంతెన న్యూ ఆర్లీన్స్‌లోనే అయిపోయింది. కారుతో సహా పంటు ఎక్కి అవతలి గట్టుకు పోవాలి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం నిలబడేవాళ్లకు ఆ సంబడం వేరే చెప్పక్కర్లేదు.

నేల వాలు అచ్చం మనదే. వరద పొర్లినప్పుడల్లా ఇసుక, బరువైన ఒండ్రు ఏటి పక్కనే పడిపోతాయి. సన్నటి బంకమన్ను దూరం పోయి దిగుతుంది. అందుకే ఏటి ఒడ్డు మెరక, వెనక్కి పోయేకొద్దీ పల్లం, ఆ వెనక చిత్తడి, ఆ తర్వాత ఉప్పునీరు. ఊళ్లూ రోడ్లూ తోటలూ ఆ మెరక మీదే. ఏటివైపు ఒక గట్టు, వెనక చిత్తడివైపు ఇంకో గట్టు. రెంటి మధ్య జాగా చాలాచోట్ల మైలు కూడా ఉండదు. ఆ జాగాలో పడిన వాన తనంతట తాను బయటికి పోదు, పంపులతో తోడి వెనక గట్టు దాటించాలి. తోడిన కొద్దీ కుళ్లిన ఆకు, వేళ్లతో తయారైన ఆ నల్లటి నేల ఆరుతుంది, గాలి తగిలి హరించుకుపోతుంది, కుంగుతుంది. కుంగిన కొద్దీ ఇంకా లోతు నుంచి తోడాలి. కట్టినప్పుడు సరిపోయిన పంపు ఇరవై ఏళ్లకు చాలకపోవడానికి కారణం ఇదే.

మన డెల్టాలో ఆ పని పంపులతో కాదు, వాలుతో జరగాలి. మురుగు కాలువ మొగ దగ్గర నీటిని సముద్రంలోకి వదిలే లాకు, అంటే అవుట్‌ఫాల్ స్లూయిజ్, తలుపు ఆటుకు తెరుచుకోవాలి, పోటుకు మూసుకోవాలి. తుప్పు పట్టి సగం తెరిచి ఉండిపోయిందా, పోటు నీరు లోపలికి వస్తుంది. మూసుకుని బిగుసుకుపోయిందా, ముంపు నీరు చేలోనే నిలుస్తుంది. ఒకే తలుపు, రెండు రకాల నష్టం.

ప్లాకమిన్స్ చరిత్రలో రాజులూ యుద్ధాలూ ఉన్నాయి గాని వాటిని క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. 1682 ఏప్రిల్ 9న లాసాల్ అనే ఫ్రెంచి అన్వేషకుడు ఈ మొగ దగ్గర నిలబడి మిసిసిపీ లోయ అంతా తమ రాజుదేనని ప్రకటించాడు. కౌంటీ ఏర్పడింది 1807లో. అమెరికా అంతర్యుద్ధంలో 1862 ఏప్రిల్ 24న ఉత్తరాది సేనాని ఫారగట్ నౌకలు జాక్సన్, సెయింట్ ఫిలిప్ కోటల మధ్య నుంచి ఎదురీది పోవడంతో న్యూ ఆర్లీన్స్ లొంగిపోయింది. మనకు పనికొచ్చేది అదే ఏడాది ఆ చుట్టుపక్కలే జరిగిన ఇంకో పని. క్యూబిట్ అనే ఆల్చిప్పల బేస్తవాడి కూతుళ్లు ఏటి నుంచి వెనక అఖాతంలోకి పడవ దాటించుకోవడానికి గట్టుకు అడ్డంగా చిన్న కాలవ తవ్వారని చెబుతారు. ఏరు అందులో దూరి దాన్ని అర మైలు వెడల్పు గండి చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ గండిలోంచి పోయిన ఒండ్రు సముద్రంలో కొత్త నేల పరిచింది. దానికి క్యూబిట్స్ గ్యాప్ అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఈడ్స్ అనే ఇంజనీరు వచ్చాడు. 1879 నాటికి సౌత్ పాస్ అనే పాయకు రెండు పక్కలా జెట్టీలు, అంటే నీటిలోకి పొడిచిన గోడకట్టలు, కట్టి ఇరుకు చేశాడు. ఇరుకైతే వడి పెరుగుతుంది, వడి పెరిగితే మొగలోని ఇసుక మేట దానంతటదే కొట్టుకుపోతుంది. ఓడల దారి తెరుచుకుంది. అంతర్వేది, ఓడలరేవు మొగల్లో మేటలకు కూడా ఇదే మందు అని మన దగ్గర కొందరంటారు. తొందరపడకూడదు. మిసిసిపీలో ఏడాది పొడుగునా లక్షల క్యూసెక్కులు పారుతుంది. మన గోదావరి 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది నిజమే గాని, వరద నెలలు పోయాక బ్యారేజీ దిగువకు వచ్చేది అంతంత మాత్రం. వడే లేని పాయను ఇరుకు చేసి ఏం లాభం? పైగా తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుక జెట్టీకి ఒక పక్క పేరుకుంటుంది, రెండో పక్క ఊరు కోతకు గురవుతుంది.

1927 మాత్రం ఆ కౌంటీకి మానని పుండు. మిసిసిపీ చరిత్రలోనే పెద్ద వరద అది. న్యూ ఆర్లీన్స్ బ్యాంకర్లూ పెద్దలూ నగరం మునుగుతుందని భయపడి, దిగువ గట్టు తెంపడానికి గవర్నరును ఒప్పించారు. ఏప్రిల్ 29న కెర్నార్వన్ దగ్గర డైనమైటుతో గట్టు పేల్చారు. ఒక్కసారికి తెగలేదు, రోజుల తరబడి పేల్చుతూ పోయారు. చివరికి ఆ గండిలోంచి 2.5 లక్షల క్యూసెక్కులు పారింది. సెయింట్ బెర్నార్డ్ కౌంటీ, ప్లాకమిన్స్ తూర్పు గట్టు మునిగాయి. దాదాపు 10,000 మందికి ఇళ్లు లేకుండా పోయాయి. పరిహారం ఇస్తామన్న మాట చాలామంది విషయంలో మాటగానే మిగిలింది. అంతకంటే ఘోరం, ఎగువన గట్లు వాటంతటవే తెగి వరద పక్కలకు పోతున్నందున నగరానికి ఆ పేల్చివేత అవసరమే లేకపోయింది. తర్వాత ఏ ఇంజనీరు వచ్చి మీ గట్టుకు తూము పెడతామన్నా ఆ కౌంటీవాళ్లు అనుమానంగా చూడటానికి మూలం ఇక్కడుంది.

అదే కాలంలో లియాండర్ పెరెజ్ అనే నాయకుడు లేచాడు. 1919లో జడ్జి, 1924లో జిల్లా అటార్నీ, 1969లో చనిపోయేదాకా కౌంటీ ఆయన గుప్పిట్లోనే. నల్లవారికి ఓట్లు, బడులు దక్కకుండా పోరాడి 1962లో తన చర్చి నుంచే వెలివేయించుకున్నాడు. కౌంటీ భూముల చమురు రాయల్టీలు ఆయన చాటుగా పెట్టిన కంపెనీకి పోయాయి. ఆ లెక్క తేల్చడానికి 1980ల్లో కౌంటీయే ఆయన కుటుంబం మీద దావా వేయవలసి వచ్చింది.

చమురుతో పాటు గంధకం కూడా ఉంది. 1933లో గ్రాండ్ ఎకాయ్ దగ్గర తవ్వకం మొదలైంది. గోతులు తవ్వరు. మరుగు మీదికి కాచిన నీటిని గొట్టంలో లోపలికి దింపి గంధకాన్ని కరిగించి, గాలితో పైకి తోస్తారు. పోర్ట్ సల్ఫర్ అనే ఊరు ఆ కంపెనీ కట్టించినదే. చమురు వచ్చాక చిత్తడి మీద రిగ్గు పెట్టడానికి రోడ్లకు బదులు కాలువలు తవ్వారు. తవ్విన మన్నును రెండు పక్కలా గట్టులా పోసి వదిలేశారు. దాంతో రెండు నష్టాలు జరిగాయి. కాలువలోంచి పోటు నీరు నేరుగా మంచినీటి చిత్తడిలోకి ఎక్కింది. మన్ను గట్లు అడ్డుపడి నీరు ఒకచోట నిలిచింది, ఇంకోచోట అందలేదు. ఉప్పుకు ఓర్చని గడ్డి చచ్చింది, వేళ్ల పట్టు పోయాక మన్ను కరిగిపోయింది, కాలువ ఏటేటా వెడల్పయింది. ఆ కాలువలను పని అయ్యాక పూడ్చలేదని కౌంటీ వేసిన దావాలో 2025 ఏప్రిల్‌లో పాయింట్ అలా హాష్ జ్యూరీ షెవ్రాన్ కంపెనీ సుమారు 74.5 కోట్ల డాలర్లు కట్టాలంది. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు.

ఇక ఆ నేల మీద బతికేవాళ్లు. డాల్మేషియా తీరం నుంచి వచ్చిన క్రోషియన్లు తినే ఆల్చిప్పల సాగు పట్టారు. 1975 తర్వాత వచ్చిన వియత్నాం కుటుంబాలు రొయ్యల పడవలు నడుపుతాయి. గ్రాండ్ బయూ అనే మూలవాసుల ఊరికి ఇప్పటికీ పడవ మీదే పోవాలి. ఐరన్‌టన్‌ది విముక్తి పొందిన బానిసలు కట్టుకున్న ఊరు. అక్కడ కుళాయి నీళ్లు 1980 దాకా రాలేదు, 2021లో ఐడా తుపాను ఉప్పెనకు సమాధుల్లోంచి శవపేటికలు తేలి కొట్టుకుపోయాయి. ఎగువ మెరకలో సత్సుమా కమలా తోటలుంటాయి. వాటిని మూడాకుల నారింజ వేరు మీద అంటు కడతారు. అది చలికి తట్టుకుంటుంది గాని ఉప్పుకు తట్టుకోదు. 1989 డిసెంబరు మంచుకు తోటలకు తోటలే మాడిపోయాయి. మంచు హెచ్చరిక రాగానే అంటు పైదాకా మొదలుకు మన్ను ఎగదోస్తారు, కొమ్మలు పోయినా అంటు మిగిలితే మళ్లీ చిగురిస్తుందని.

నేల తరిగిన లెక్క చూద్దాం. లూసియానా తీరమంతటా 1932 నుంచి 2016 దాకా పోయిన నేల సుమారు 4,800 చదరపు కిలోమీటర్లు. 2013లో ఒక్క ప్లాకమిన్స్‌లోనే అఖాతాలు, పాయల పేర్లు ముప్పైకి పైగా ప్రభుత్వ సముద్ర పటాల్లోంచి తీసేశారు. చుట్టూ ఉన్న నేల పోయి అవన్నీ తెరిచిన సముద్రంలో కలిసిపోయాయి. కారణం ఒకటి కాదు. మిస్సోరీ నది మీది పెద్ద ఆనకట్టలు ఒండ్రును పైనే ఆపేశాయి. గట్ల వల్ల మిగిలిన ఒండ్రు చిత్తడికి అందకుండా లోతు సముద్రంలోకి పోతోంది. నేల కుంగుతోంది, కొన్నిచోట్ల ఏడాదికి సెంటీమీటరు దాకా. సముద్ర మట్టం పెరుగుతోంది. తుపాన్లు సరేసరి. 1965 బెట్సీ, 1969 కెమీల్, 2005 ఆగస్టు 29న కత్రినా. లూసియానాలో కత్రినా మొదట తాకింది ఈ కౌంటీలోని బ్యూరస్ దగ్గరే.

అయితే గట్టుకు తూము పెట్టి ఒండ్రును మళ్లీ చిత్తడిలోకి వదలొచ్చు కదా? అక్కడే అసలు పేచీ. 1927లో పేల్చిన కెర్నార్వన్ దగ్గరే 1991లో 8,000 క్యూసెక్కుల తూము తెరిచారు. దాంతో ఆల్చిప్పల లీజుదార్లు దెబ్బతిన్నారు. ఆల్చిప్పకు మరీ ఉప్పు పనికిరాదు, మరీ తీపీ పనికిరాదు. వేసవి వేడిలో వారాల తరబడి నీటి ఉప్పదనం వెయ్యికి ఐదు పాళ్ల కంటే తగ్గితే చచ్చిపోతుంది. అడుగున పాత చిప్పలు పరిచి, పిల్లలు అంటుకున్నాక ఉప్పు ఎక్కువున్న చోటికి మార్చి, మూడంగుళాలు ఎదిగేదాకా ఏడాదిన్నర, రెండేళ్లు ఆగాలి. ఒక్క సీజను తీపి నీరు వస్తే అంతా పోతుంది. వాళ్లు దావా వేస్తే కింది కోర్టులో వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం వచ్చింది. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

తర్వాత ఐరన్‌టన్ దగ్గర 75,000 క్యూసెక్కుల మిడ్ బరటేరియా తూము. ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు. 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయి, సముద్రంలో చమురు కక్కిన కేసులో వచ్చిన డబ్బు అది. 2023 ఆగస్టులో శంకుస్థాపన అయింది. కౌంటీ కోర్టుకెక్కింది, 2025 జులైలో రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. రొయ్యల వాళ్ల బతుకు ఈ ఏడాది లెక్క, ఒండ్రు యాభై ఏళ్ల లెక్క. రెండో లెక్కే సరైనదని మా అభిప్రాయం. కానీ మొదటి లెక్కవాళ్లకు ముందుగా డబ్బు చేతిలో పెట్టకుండా తూము ఎత్తితే 1927 మళ్లీ చేసినట్టే. ఇదిలా ఉండగా, 2019 వరదల తర్వాత బ్యూరస్ ఎదుటి గట్టున నెప్చ్యూన్ పాస్ అనే గండి దానంతటదే పెద్దదై, ఎవరూ పైసా పెట్టకుండా వెనక అఖాతంలో నేల వేస్తోంది.

రాజోలు, మలికిపురం వైపు చేపల, రొయ్యల చెరువుల రైతుకూ వరి రైతుకూ నడిచే తగువు కూడా ఇదే. ఒకరికి కావలసిన ఉప్పే ఇంకొకరికి విషం. చెరువులకు డ్రెయిన్లోంచి ఉప్పునీరు ఎగువకు తోడుతుంటే పక్క చేను చౌడు బారుతుంది, కొబ్బరి మొవ్వు ఎండుతుంది. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి తోటల సంగతి మీ పత్రికే రాసింది. మనకు చమురు కాలువలు లేవు. అక్కడ చమురు కాలువ చేసిన పనే ఇక్కడ తలుపు లేని మురుగు కాలువ చేస్తోంది.

2023 వేసవి ముచ్చట ఇంకా దగ్గరిది. మిసిసిపీ అడుగు న్యూ ఆర్లీన్స్ దాటేదాకా సముద్ర మట్టం కంటే లోతు. ప్రవాహం 3 లక్షల క్యూసెక్కుల కంటే తగ్గితే బరువైన ఉప్పునీరు అడుగునుంచి పాకుతూ ఎగువకు వస్తుంది, పైన మాత్రం మంచినీరే కనబడుతుంది. ఆ ఏడు బూత్‌విల్, పోర్ట్ సల్ఫర్ నీటి ప్లాంట్లు ఉప్పునీరు లాగాయి, జనానికి సీసాల్లో నీరు పంచారు. సైన్యపు ఇంజనీర్లు మిర్టిల్ గ్రోవ్ దగ్గర నది అడుగున ఇసుకతో అడ్డుగట్టు వేశారు. దాని తల నీటి మట్టానికి 55 అడుగుల కింద ఉండేలా జులైలో వేస్తే, సెప్టెంబరులో ఉప్పు దాని మీదుగా దాటింది. అప్పుడు తలను 30 అడుగుల దాకా లేపి, ఓడలకు మధ్యలో 55 అడుగుల లోతు దారి ఉంచారు. వరద రాగానే ఆ ఇసుక కొట్టుకుపోతుంది, మళ్లీ కరువొస్తే మళ్లీ వేయాలి. మొదటిసారి 1988లో వేశారు, ఓడల కోసం నదిని లోతు చేసిన తర్వాత. మొగ లోతు చేస్తే ఓడలతో పాటు ఉప్పు కూడా ఎగువకు వస్తుంది.

మన డ్రెయిన్ల పూడికతీతలో ఈ సూత్రం ఎవరూ పట్టించుకోరు. తవ్వకం మొగ దగ్గర మొదలుపెట్టి ఎగువకు రావాలి. ఎగువ ముందు తవ్వితే నీరు వేగంగా వచ్చి దిగువ ఊళ్లను ముంచుతుంది. అలాగని మొగను తవ్వి, అవుట్‌ఫాల్ స్లూయిజ్ తలుపు బాగుచేయకుండా వదిలేస్తే ముంపు తగ్గిన మేరకు ఉప్పు పెరుగుతుంది. అంచనాల్లో తవ్వకం ఒక పనిగా, తలుపులు ఇంకో పనిగా, వేరే ఏడాదికి ఉండకూడదు. గుర్రపుడెక్క తీసి గట్టు మీదే కుప్ప వేయడం కూడా మానాలి, మొదటి వానకు అది మళ్లీ కాలువలోనే ఉంటుంది.

ఉప్పు కొలత విషయంలో ఒక మాట. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత ఈసీ, అంటే విద్యుత్ వాహకత. అది 2 దాకా వరికి ఇబ్బంది లేదు. 3.4 దగ్గర దిగుబడిలో పావు, 4.8 దగ్గర సగం పోతుంది. సముద్రపు నీటిది 50 దాకా ఉంటుంది. ఈ అంకెలన్నీ మీటరుకు డెసిసీమెన్‌లలో. నారు దశలో, పూత దశలో వరి మరీ సున్నితం. చేతి మీటరును ముందు 1.413 ప్రమాణ ద్రావణంలో సరిచూసుకోవాలి. పైన్నుంచి గ్లాసుతో ముంచిన నీటికి కొలత పెడితే తప్పు లెక్క వస్తుంది, ఎందుకంటే ఉప్పు అడుగున ఉంటుంది. తాడు కట్టిన సీసాను అడుగుకు దింపి అక్కడి నీరు తీయాలి. అమావాస్య, పౌర్ణమి పోటు సమయంలో, ప్రతిసారీ అదే వంతెన దగ్గర. ఉప్పెక్కిన చేలో జిప్సం చల్లితే సరిపోతుందని దుకాణాల్లో చెబుతుంటారు. జిప్సం సోడియం పట్టిన చౌడుకు మందు. ఉత్త ఉప్పుకు కావలసింది కాలువ నీరు నిలబెట్టి, కలియదున్ని, తీసేయడం. తీసేసిన నీరు పోవడానికి డ్రెయిన్ పారాలి. అది పారకపోతే ఎన్నిసార్లు నిలబెట్టినా ఉప్పు చేలోనే.

కనుక మీకు మా విన్నపం. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల నుంచి సార్వా నాట్లు అయ్యేదాకా, జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న పట్టిక వేయండి. శంకరగుప్తం, కూనవరం డ్రెయిన్లకు మొగ దగ్గర ఒకటి, ఐదు కిలోమీటర్ల ఎగువన ఒకటి చొప్పున అడుగు నీటి ఈసీ, స్లూయిజ్ తలుపుల్లో ఎన్ని పనిచేస్తున్నాయో, ఆ వారం పోటు వేళలు. ధవళేశ్వరం నీటిమట్టం వరదల్లో రోజూ వేస్తున్నారు కదా, దానికి పట్టినంత జాగా కూడా పట్టదు. కొలతలు తీయడానికి రైతు సంఘాలున్నాయి, మీటర్లున్న కాలేజీలున్నాయి. మీరు పేజీలో చోటిస్తే తీసి పంపుతాం.

ఇట్లు,
రాజోలు, మలికిపురం ప్రాంతాల పాఠకులు కొందరు